విశాఖలో సెకండ్ హ్యాండ్ పెద్ద సెడాన్: ఆల్టిసా, సూపర్బా, కామ్రీయా?

కొత్త మధ్యరకం ఎస్‌యూవీకి పెట్టే డబ్బులో సగం పెడితే చాలు, ఒకప్పుడు ముప్పై లక్షలు పలికిన కారు ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది. వెనక సీట్లో కాళ్ళు బారజాపుకోవచ్చు. హైవే మీద వంద దగ్గర వెళ్తున్నా లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. డిక్కీలో పెళ్ళికి వెళ్ళే సామాను మొత్తం పడుతుంది. ఈ లెక్క చూసుకునే మన ఊళ్ళో చాలామంది పాత పెద్ద సెడాన్ల వైపు చూస్తున్నారు. లెక్క తప్పు కాదు గానీ, అది సగం లెక్కే. ఏళ్ళు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు. ముప్పై లక్షల కారు ఎనిమిది లక్షలకు దొరికినా దాని హెడ్‌ల్యాంపూ గేర్‌బాక్సూ ముప్పై లక్షల కారువే. ఏనుగును కొన్నాక మేత దగ్గర బేరాలాడితే కుదరదు.

అందుకే ఏ కారు గొప్పదన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఆ కారు ఇన్నాళ్ళూ ఎలాంటి బతుకు బతికింది, ఇకమీదట మీరు దానికి ఎలాంటి బతుకు ఇవ్వబోతున్నారు, ఈ రెండిటికీ పొత్తు కుదిరిందా అన్నదే చూసుకోవాలి.

బరిలో ఉన్నవి

పైవరసలో టొయోటా కామ్రీ, స్కోడా సూపర్బ్, హోండా అకార్డ్, ఫోక్స్‌వ్యాగన్ పసాట్ ఉంటాయి. దాని కింద వరసలో కరోల్లా ఆల్టిస్, స్కోడా ఆక్టేవియా, హోండా సివిక్, హ్యుందాయ్ ఎలాంట్రా. వీటిలో ఇంకా మామూలుగా షోరూములో నిలబడి ఉన్నది కామ్రీ ఒక్కటే. ఆల్టిస్, సివిక్ 2020లో ఆగిపోయాయి. ఎలాంట్రా 2022లో, ఆక్టేవియా 2023లో వెళ్ళిపోయాయి. సూపర్బ్ కూడా 2023లోనే ఆగి, మరుసటి ఏడాది 54 లక్షల దిగుమతి కారుగా మళ్ళీ ముఖం చూపించింది. కంపెనీలు మూతపడలేదు కాబట్టి సర్వీసు దొరుకుతుంది. కానీ ఆగిపోయిన మోడల్‌కి తలుపు అద్దమో, వెనక లైటో కావాలంటే ఆర్డరు పెట్టి ఎదురుచూడాల్సి రావచ్చు. ఇంట్లో ఇదొక్కటే కారైతే ఆ ఎదురుచూపు కూడా ఖర్చు కిందే రాసుకోండి.

అకార్డ్, పసాట్‌ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. పెట్రోల్ అకార్డ్ మన దగ్గర 2013తో ఆగింది. అంటే ఇప్పుడు దొరికేవి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువుకు దగ్గరపడ్డవో, దాటేసినవో. గడువు ముగిస్తే ఫిట్‌నెస్ చేయించాలి, కారుకు 5,000 రూపాయల రెన్యువల్ ఫీజు, దానిపైన గ్రీన్ టాక్స్ కట్టాలి. పసాట్ మంచి కారే, విడిభాగాల కోసం ఓపిక ఉన్నవాళ్ళకి. ఈ రెండూ ఇష్టపడి కొనుక్కునేవి, అవసరానికి కొనుక్కునేవి కావు.

డాక్టర్ గారి బండి

విశాఖ కార్ కన్సల్టెన్సీల్లో అమ్మకానికొచ్చే పెద్ద కార్లన్నీ డాక్టర్లవేనేమో అనిపిస్తుంది. "మాస్టారూ, ఇది డాక్టర్ గారి బండి. ఇంటి నుంచి హాస్పిటల్‌కి, హాస్పిటల్ నుంచి ఇంటికి. నలభై వేలే తిరిగింది" అంటారు. మీటర్ తిప్పారో లేదో తర్వాత చూద్దాం. ముందు ఆ మాట నిజమే అనుకుందాం. నిజమైనా అది అన్ని కార్లకీ శుభవార్త కాదు.

ఎంవీపీ కాలనీ నుంచి మహారాణిపేటకు రోజూ సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, పాకుతూ వెళ్ళిన ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఆటోమేటిక్‌ని తీసుకోండి. అందులో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే స్కోడా వాళ్ళ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. రెండు క్లచ్‌లు, వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు. పాకుడు ట్రాఫిక్‌లో అవి సగం పట్టీ సగం వదిలీ వేడెక్కి అరిగిపోతాయి. ఆ పెట్టెకి అంతకన్నా కష్టమైన కొలువు లేదు. అదే నలభై వేలు శ్రీకాకుళం, రాజమండ్రి మధ్య హైవే మీద తిరిగి ఉంటే క్లచ్‌లు హాయిగా ఉండేవి. ఇక అదే డాక్టర్ గారు అదే దారిలో కామ్రీ హైబ్రిడ్ తోలి ఉంటే? హైబ్రిడ్‌కి ఆ బతుకే ఇష్టం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, మోటారు మీద కదులుతుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా బ్యాటరీకి కాస్త కరెంటు వెనక్కొస్తుంది. ఒకే దారి, ఒకే మనిషి, అన్నే కిలోమీటర్లు. ఒక కారుకి అది శిక్ష, ఇంకోదానికి సుఖం.

మీటర్ సంగతి. నలభై వేలు తిరిగిన కారులో బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా ఉండాలి. డ్రైవర్ సీటుకి తలుపు వైపు అంచు నలిగి, స్టీరింగ్ తోలు నున్నగా మెరుస్తుంటే లక్ష దాటినట్టే అనుకోండి. అసలైన పరీక్ష కంపెనీ సర్వీసు రికార్డు. రిజిస్ట్రేషన్ నెంబరో, చాసిస్ నెంబరో ఇచ్చి, ఓనర్ని వెంటబెట్టుకుని వెళ్తే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో తెలుస్తుంది. ఓనర్ రానంటే కారణం ఆలోచించండి.

ఆల్టిస్

నా ఓటు దీనికే. 2014 తర్వాత వచ్చిన 1.8 పెట్రోల్ ఆల్టిస్. తోలుతుంటే ఉత్సాహం పుట్టదు, ఆ మాట ఒప్పుకోవాలి. సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజిన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. కానీ టర్బో లేదు, డ్రై క్లచ్‌ల బాధ లేదు, టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉంది. చెడిపోవడానికి ఉన్న వస్తువులే తక్కువ. సస్పెన్షన్ మన కాలనీ స్పీడ్ బ్రేకర్లను తిట్టుకోకుండా దాటేస్తుంది. 4,620 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి అపార్ట్‌మెంటు స్తంభాల మధ్య కూడా ఇరుక్కోకుండా పడుతుంది.

డీజిల్ ఆల్టిస్ మాత్రం నాకు అంతుపట్టని బేరం. 1.4 లీటర్ల ఇంజిన్, 88 హార్స్‌పవర్. మైలేజీ బాగుంటుంది గానీ నలుగురెక్కి ఏసీ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే పెద్ద సెడాన్ ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. చాలా వాటిని ట్రావెల్స్ వాళ్ళు బాగా తిప్పి ఉంటారు కూడా. తక్కువకొచ్చిందని మోజుపడకండి.

ఆక్టేవియా, సూపర్బ్

తోలడం సరదా ఉన్నవాళ్ళకి ఆల్టిస్ ఎంత చెప్పినా ఎక్కదు, నాకు తెలుసు. వాళ్ళు చివరికి స్కోడా దగ్గరే ఆగుతారు. 180 హార్స్‌పవర్ 1.8 టీఎస్‌ఐ ఇంజిన్ ఆనందపురం దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చే ఊపు వేరు. సూపర్బ్ డిక్కీ 625 లీటర్లు, ఆక్టేవియాది 590. డిక్కీ తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది కాబట్టి వాషింగ్ మెషీన్ కూడా ఎక్కించేయొచ్చు. సూపర్బ్ వెనక సీటు చోటు సంగతి చెప్పనక్కర్లేదు, ఎక్కిన అమ్మమ్మలు దిగనంటారు.

వీటిలో ఏది కొనాలన్నది గేర్‌బాక్సును బట్టి తేల్చుకోవాలి. 1.8 టీఎస్‌ఐ ఆటోమేటిక్‌లో పైన చెప్పిన డ్రై క్లచ్ డీఎస్‌జీ. 2.0 టీడీఐ డీజిల్‌లో ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ. ఇది ఆయిల్‌లో మునిగి ఉంటుంది, గట్టిది, కానీ 60,000 కిలోమీటర్లకోసారి ఆ ఆయిల్ మార్చి తీరాలి. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. 1.8 మాన్యువల్ సూపర్బ్ దొరికితే అదృష్టం. చాలా తక్కువ అమ్ముడయ్యాయి, ఆటోమేటిక్‌లో 250 న్యూటన్ మీటర్లకు తగ్గించి పెట్టిన టార్క్ (లాగే బలం) మాన్యువల్‌లో 320 ఉంటుంది. 2020 తర్వాతి సూపర్బ్, 2021 ఆక్టేవియాల్లో 190 హార్స్‌పవర్ 2.0 టీఎస్‌ఐతో పాటు ఏడు గేర్ల వెట్ క్లచ్ పెట్టారు. బడ్జెట్ ఉంటే అవే తీసుకోండి.

డ్రై క్లచ్ కారును ఎలా పరీక్షించాలి? బీచ్ రోడ్డు మీద ఒక రౌండ్ తిప్పి తెచ్చేస్తే ఏమీ తెలియదు, అమ్మేవాళ్ళు అక్కడికే తీసుకెళ్తారు. ముందు కారును అరగంట ట్రాఫిక్‌లో తిప్పి వేడెక్కనివ్వండి. తర్వాత కైలాసగిరి ఎక్కే రోడ్డుకో, యారాడ కొండ రోడ్డుకో తీసుకెళ్ళండి. ఎత్తులో ఆపి, బ్రేకు వదిలి, యాక్సిలరేటర్‌ని ముట్టీ ముట్టనట్టు ముట్టుకుంటూ నడక వేగంతో పైకి పోనివ్వండి. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కారు వణుకుతుందా? సీటు కింద నుంచి ఒక కుదుపు వస్తుందా? మళ్ళీ ఆపి రివర్స్ వేయండి, టక్కుమని చప్పుడొచ్చి ఒక క్షణం ఆలోచించి కదులుతుందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్లచ్ సెట్టో, దాన్ని నడిపించే మెకాట్రానిక్ యూనిట్టో ఖర్చుకు రెడీగా ఉన్నట్టు. ఆ ఖర్చుకు ఎస్టిమేట్ ముందే సర్వీస్ సెంటర్లో రాయించుకుని, అంతా ధరలోంచి తగ్గించమని అడగండి. "స్కోడాలన్నీ అంతే సార్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంకో మాట. ఈ రెండు కార్లలో ఏది కొన్నా, కారు ధరలో కనీసం పదిహేను శాతం విడిగా పక్కన పెట్టుకోండి. అది లేకుండా చివరి రూపాయిదాకా ఊడ్చి సూపర్బ్ కొనేవాళ్ళే తర్వాత స్కోడాను తిడుతూ తిరుగుతుంటారు.

కామ్రీ హైబ్రిడ్

మన దగ్గర హైబ్రిడ్ కామ్రీ 2013లో వచ్చింది, 2019లో కొత్త తరం. ఊళ్ళో తిరుగుడే ఎక్కువైతే, పార్కింగ్ చోటుంటే, దీన్ని మించింది లేదు. లెక్క వేసి చూద్దాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు. లీటరుకు పది ఇచ్చే మామూలు పెట్రోల్ సెడాన్‌కి వెయ్యి లీటర్లు, లీటరు 108 చొప్పున లక్షా ఎనిమిది వేలు. పదిహేను ఇచ్చే హైబ్రిడ్‌కి 667 లీటర్లు, డెబ్బై రెండు వేలు. ఏడాదికి ముప్పై ఆరు వేలు మిగులు. నాలుగేళ్ళు వాడుకుంటే దాదాపు లక్షన్నర. మీరు ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగకపోతే ఈ మిగులు కోసం కామ్రీ కొనడం అనవసరం.

అందరికీ భయం పెద్ద బ్యాటరీ గురించి. భయపడాల్సిందే, మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లోనే. కానీ చూడకుండా భయపడొద్దు. టొయోటా సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి బ్యాటరీ ఆరోగ్యం చూపించమంటే చూపిస్తారు. మీరు మీ కళ్ళతో చూడాల్సింది బ్యాటరీకి చల్లగాలి లాగే జాలీ. అది వెనక సీటు దగ్గర ఉంటుంది. దానికి దుమ్ము, కుక్క బొచ్చు, చీర అంచుల దారాలు పట్టి మూసుకుపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. గాజువాక, మల్కాపురం వైపు కారైతే పోర్టు దుమ్ము కూడా కలుస్తుంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూడండి, బూడిదరంగు దుప్పటి కనిపిస్తే ఆ కారు ఓనర్ ఇంకేం పట్టించుకుని ఉండడు. పాత తరంలో బ్యాటరీ డిక్కీ చోటు కొంత తినేస్తుంది. 2019 తర్వాత దాన్ని వెనక సీటు కిందికి మార్చారు. కానీ ఆ కొత్తదానికి 235/45 ఆర్18 సైజు టైర్లు, పెద్దవి, ఖరీదైనవి. సియాజ్ లాంటి చిన్న సెడాన్‌కి టైరు కొన్న అలవాటుతో వెళ్తే బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. పొడవు 4,885 మిల్లీమీటర్లు, టేపు తీసుకుని ముందు మీ పార్కింగ్ కొలుచుకోండి.

సివిక్ గురించి ఎక్కువ చెప్పను. 2006 తరం అందంగా ఉంటుంది, సెల్లార్ ర్యాంపు మీద పొట్ట రాసుకుంటుంది. 2019 తరం మంచిదే గానీ తక్కువ వచ్చాయి, ఉన్నవాళ్ళు ధర దిగరు. ఎలాంట్రా 2.0 పెట్రోల్ మాత్రం చాలామంది పట్టించుకోని మంచి బేరం. పేరుకి గిరాకీ లేదు కాబట్టి తక్కువకొస్తుంది, హ్యుందాయ్ సర్వీసు అనకాపల్లి, విజయనగరంలో కూడా దొరుకుతుంది. ఆల్టిస్ దొరక్కపోతే ఇదే చూస్తాను నేను.

ఉప్పుగాలి

మోడల్ ఏదైనా సరే, ఆ కారు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుందో అడగండి. లాసన్స్ బే, రుషికొండ, భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా, పైకప్పు లేని చోట ఐదేళ్ళున్న కారు, గోపాలపట్నంలోనో పెందుర్తిలోనో షెడ్డులో పదేళ్ళున్న కారుకన్నా ముసలిది. పైన పెయింట్ తళతళలాడుతూనే ఉంటుంది, అది టింకరింగ్ షెడ్డు మహిమ.

డిక్కీ తెరవండి. మ్యాట్ ఎత్తండి, స్టెప్నీ బయటికి తీయించండి. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. స్టెప్నీ కింద గుంటలో వేలు పెట్టి తుడిస్తే తడి తగులుతుందా, ఎర్రపొడి వస్తుందా? డిక్కీ అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఒక మూల లాగి దాని కింద రేకు చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే, పెయింటర్ మరిచిపోయేదీ అక్కడే. తర్వాత బండిని ర్యాంపు మీదికి ఎక్కించండి. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్‌లను మోసే చట్రం) బోల్టులు, బ్రేకు పైపులు, సైలెన్సర్ జాయింట్లు చూడాలి. పైపైన ఎర్రబడితే ఫరవాలేదు, పొరలు పొరలుగా లేస్తుంటే వదిలేయండి. ముందు గ్రిల్లులోంచి ఏసీ కండెన్సర్ కనిపిస్తుంది, రేకులు తెల్లగా పొడిబారి రాలుతుంటే ఈ ఎండాకాలం గ్యాస్ కొట్టించడమూ, అది లీకైపోవడమూ తప్పవు. పెద్ద సెడాన్లలో సెన్సర్లు ఎక్కువ. ఏ కనెక్టర్ ఊడదీసినా రాగి మీద పచ్చని చిలుము కనిపిస్తే, తర్వాత డ్యాష్‌బోర్డు మీద దీపాల పండగే.

తడి సంగతొచ్చింది కాబట్టి ఎయిర్‌బ్యాగుల మాట. పాత అకార్డ్, సివిక్, 2013కి ముందు ఆల్టిస్‌లలో కొన్నింటికి టకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ జరిగింది. ఏళ్ళ తరబడి వేడి, తేమ తగిలితే, బ్యాగును ఊదే ఇన్‌ఫ్లేటర్ పేలేటప్పుడు ఇనుప ముక్కలు చిమ్మే ప్రమాదం ఉందని తేలింది. వేడి, తేమ రెండూ మన ఊళ్ళో ఏడాది పొడవునా ఉచితమే. చాసిస్ నెంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, మార్చి ఉండకపోతే ఉచితంగా మార్పించుకోవచ్చు.

వరద కార్లు వేరే సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లు వేలల్లో ఉన్నాయి. అవన్నీ తుక్కు కిందికి పోలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో మట్టి గీత ఉంటుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద మూసిన గది వాసన కూడా చూడండి. 2014కి ముందు విశాఖ కారైతే పైకప్పు మీద చేయి రాసి చూడండి, హుద్‌హుద్ నాడు చెట్టు పడని కారు అదృష్టవంతురాలు.

అసలు పెద్దదే కావాలా?

వెనక సీటు, డిక్కీ, ఈ రెండే మీకు కావలసినవైతే మారుతి సియాజ్ చూడండి. 4,490 మిల్లీమీటర్ల కారులో 510 లీటర్ల డిక్కీ, పెద్ద సెడాన్‌కి తీసిపోని కాళ్ళ చోటు. 2025లో ఆపేశారు గానీ మారుతి విడిభాగాలు వీధి చివర దొరుకుతాయి. ఇంజిన్ 1,500 సీసీ లోపు కాబట్టి 2022 నాటి రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 1,500 సీసీ దాటిన ఆల్టిస్, సూపర్బ్‌లకి అదే 7,897. ఆ నిశ్శబ్దం, ఆ నిలకడ సియాజ్‌లో రావు, అది ఒప్పుకోవాలి. వారానికోసారి విజయవాడ వెళ్ళొచ్చేవాళ్ళకి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి తెలియదు.

కాగితాలు

నేవీ ఆఫీసర్లు బదిలీ మీద వెళ్తూ అమ్మే కార్లు మన ఊరికి ఒక వరం. జాగ్రత్తగా వాడతారు, సర్వీసు పుస్తకం నిండుగా ఉంటుంది. కానీ నెంబరు కేరళదో, మహారాష్ట్రదో, ఢిల్లీదో అయి ఉంటుంది. వేరే రాష్ట్రం కారు ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నెంబరు వేయించాలి, అందుకు ఆ రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ టాక్స్ కావాలి. ఆ టాక్స్ ఎంతో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని, కారు ధరకు కలిపి అప్పుడు బేరమాడండి. ఢిల్లీలో పదేళ్ళ డీజిల్ కార్లను తిరగనివ్వని నియమం కఠినంగా ఉన్నన్నాళ్ళూ అక్కడి సూపర్బ్‌లు, పసాట్‌లు నమ్మలేనంత తక్కువకు వచ్చేవి. ఉప్పు తగలని రేకు అన్నది వాటి మంచి గుణం. టాక్స్, రవాణా, ఏజెంటు ఖర్చు కలిపాక మన విశాఖ ఏపీ 31 నెంబరు కారు ధరకే వచ్చేస్తుంది చాలాసార్లు.

పాత ఓనరుకు లోనుంటే ఫారం 35తో ఆర్సీలో ఆ లోను గుర్తు (హెచ్‌పీ) క్యాన్సిల్ అయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి, అప్పటిదాకా అడ్వాన్సే. పేరు మార్పించే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే పెట్టించుకోండి. పేరు మారిన పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది అమ్మినవారి సొత్తు, కాబట్టి ప్రీమియం వాళ్ళు కట్టినంతే ఉంటుందని లెక్క వేసుకోవద్దు. 2023 ఏప్రిల్‌కి ముందు పెట్రోల్ కార్లు చాలావరకు ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు తయారైనవి కావు, ఇంధన పైపుల రబ్బరు ఎలా ఉందో మొదటి సర్వీసులోనే చూపించండి. ఫాస్టాగ్ పాత ఓనరు చేత మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి. లేదంటే వేంపాడు టోల్‌గేటులో ఆయన ఖాతాలోంచి డబ్బు తెగినప్పుడల్లా మీకు ఫోనొస్తుంది.